రోజిన్ వాసన

మనవరాలి ఫిడేలుకి కొత్త రోజిన్ బిళ్ల కొన్నారు. పెట్టె తెరిచి కమానుతో నాలుగుసార్లు రుద్దేసరికి గదంతా పైన్ బంక వాసన. రుద్దింది గాని కమాను పట్టలేదు, తీగ మీద జారిపోయింది. కొత్త బిళ్ల అద్దంలా నున్నగా ఉంటుంది. ముందు సన్న గరుకు కాగితంతో పైపొర గీకితే తప్ప గుర్రపు వెంట్రుకలకి పొడి అంటుకోదు. ఈ మాట నా నోటి చివరికి పోలిష్‌లో వచ్చింది. ఆ భాష మాట్లాడి ఎన్నేళ్లయిందో!

మైనింగ్ చదువుకి పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉన్న రోజులవి. ఊరికి తూర్పున, ఉక్కు కర్మాగారం కోసం 1949లో కట్టడం మొదలుపెట్టిన నోవా హుతా అనే పేట ఉంది. అక్కడి ఒక కార్మికుల హాల్లో జానపద ఆర్కెస్ట్రా సాధన చేసేది. రెండో ఫిడేళ్ల వరసలో చివరి కుర్చీ ఖాళీగా ఉంటే నన్ను కూర్చోబెట్టారు. నా సంగతి అంతే. ఇక్కడ రాయాలనుకున్నది ఆ ఆర్కెస్ట్రాని నడిపిన మనిషి గురించి.

ఆయన్ని అందరూ ‘మైస్తెర్’ అనేవాళ్లు. పోలిష్‌లో ఆ మాటకి కార్ఖానా ఫోర్‌మన్ అని అర్థం. పగలు రోలింగ్ మిల్లులో ఆయన నిజంగానే ఫోర్‌మన్. మన మేస్త్రీ, వాళ్ల మైస్తెర్, పాశ్చాత్య సంగీతంలో మాయెస్త్రో, ముగ్గురూ ఒక్క లాటిన్ మాటకి పుట్టిన బిడ్డలే. ఆయనకి మాత్రం మూడోది అంటే చిరాకు.

* * *

ఇరవై ముగ్గురం. మొదటి ఫిడేళ్లు ఆరు, రెండోవి నాలుగు, వయోలాలు రెండు, చెల్లో ఒకటి, డబుల్ బాస్‌లు రెండు, క్లారినెట్లు రెండు, ఫ్లూటు, ట్రంపెట్లు రెండు, అకార్డియన్, చిన్న సుత్తులతో కొట్టే సంతూర్ లాంటి త్సింబవి, చివర్లో బెంబెనెక్ అనే డప్పు. కంజిరాకి అన్నలాంటిది అది. చట్రానికి చుట్టూ రేకు బిళ్లలు. మా దానికి ఒక బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది.

మైస్తెర్ చేతిలో బెత్తం నేనెప్పుడూ చూడలేదు. ఆరు మొదటి ఫిడేళ్లలో ఒకటి ఆయనదే, అది వాయిస్తూనే నడిపేవాడు. రెండు చేతులకీ పనే కాబట్టి సైగలన్నీ ఒంట్లో ఇంకెక్కడి నుంచో రావాలి. ఎత్తుగడకి ముందు ముక్కుతో గట్టిగా గాలి పీల్చేవాడు. ఆ పీల్పు ఎంతసేపు పడితే ఒక దెబ్బ అంతసేపు. ఫిడేలు తల పైకి లేచి కిందికి పడిన చోట పాట మొదలు. తల కొంచెం లేస్తే మెత్తగా, జానెడు లేస్తే గట్టిగా. ఆపాలంటే కమాను కొనతో గాల్లో చిన్న సున్నా. ఇవేవీ వెనక వరస ట్రంపెట్ల వాళ్లకి కనిపించవు. వాళ్ల కోసం ఎడమ మడమ ఉంది, చెక్క వేదిక మీద దబ్ దబ్ మని.

రికార్డింగుకి వెళ్లినప్పుడు ఆ మడమే గొడవ అయింది. మైక్‌లో పాటకన్నా మడమ ఎక్కువ వినిపిస్తోంది. కాలు కదపొద్దన్నారు. కదపకుండా వాయిస్తే మూడో వరస కల్లా వేగం తలోదారి. చివరికి చెప్పు కింద పాత ఫెల్టు టోపీ ముక్క పెట్టుకుని మడమ ఆడించాడు. అదే రోజు ఇంకో పాఠం కూడా అయింది. క్రాకోవ్ వేషంలో నడుముకి తోలు పట్టీ, దానికి వరసగా ఇత్తడి కడియాలు వేలాడతాయి. వేదిక మీద అది అందం, మైక్ ముందు మువ్వల బండి. ఆ తర్వాత ఎప్పుడు రికార్డింగున్నా పట్టీలు బయట కొక్కేలకే.

వేషంలో అసలు చిక్కు టోపీది. నాలుగు మూలల ఎర్ర టోపీ, దానికి నెమలి ఈకలు. నెమలి ఈక చూస్తే మనకి కృష్ణుడు గుర్తొస్తాడు గాని, రెండో ఫిడేలు వాడికి పక్కవాడి ఈక కంట్లో పొడుచుకోవడమే గుర్తుంటుంది. లావు తీగ మీదికి కమాను వెళ్లినప్పుడు కుడి మోచెయ్యి పైకి లేస్తుంది, కమాను మడమ, అంటే చేత్తో పట్టుకునే కొస, పోయి ఈకకి తగులుతుంది. మైస్తెర్ కుర్చీల మధ్య దూరం కొలిచి సుద్దతో గీతలు పెట్టేవాడు. ఎనభై సెంటీమీటర్లకి తక్కువైతే ఒప్పుకునేవాడు కాదు.

* * *

పోలండ్ వాళ్లు తమ జాతీయ నృత్యాలు ఐదు అంటారు. పొలొనెజ్, మజుర్, కుయావియాక్, ఒబెరెక్, క్రాకోవియాక్. చివరిది రెండు దెబ్బలది, మధ్యలో ఊనిక పడే ఎదురు నడకతో. మిగతా నాలుగూ మూడు దెబ్బలవే. మన లెక్కలో తిశ్రం అనుకోండి. అక్కడే చిక్కంతా.

మజుర్‌లో మొదటి దెబ్బ రెండు ముక్కలవుతుంది, తర్వాత రెండు పూర్తి దెబ్బలు. ఊనిక రెండో దాని మీదో మూడో దాని మీదో పడాలి. అలవాటు కొద్దీ మొదటి దాని మీద ఊనితే అది వాల్ట్జ్ అనే వేరే నృత్యం అయి కూర్చుంటుంది. సంగీత పాఠశాలలో చదివొచ్చిన పిల్లలు ఎంత చక్కగా వాయించినా వాల్ట్జే వచ్చేది. ఎందుకంటే వాళ్లు మూడు దెబ్బలూ సమానంగా కొలిచేవాళ్లు. మధ్య పోలండ్ పల్లెల్లో ఫిడేలు వాయించేవాడు సమానంగా కొలవడు. ఒకదాన్ని కురచ చేసి పక్కదాన్ని సాగదీస్తాడు. ఎంత సాగదీయాలో కాగితం మీద రాయడానికి లేదు. మన గమకాన్ని స్వరాల్లో రాస్తే ఏం మిగులుతుందో ఇదీ అంతే.

మైస్తెర్ ఆ పిల్లల ముందు నుంచి కాగితాలు లాగేసేవాడు. ఫిడేళ్లు కుర్చీల మీద పెట్టించి, కుర్చీల చుట్టూ ఒబెరెక్ అడుగులు వేయించేవాడు. జంటగా గిర్రున తిరిగే నృత్యం అది. మూడేసి అడుగులతో తిరుగుడు. ఒళ్లు తిరిగేటప్పుడు రెండో అడుగు దానంతటదే కాస్త ఆలస్యంగా నేలకి తాకుతుంది. పది నిమిషాలు తిరిగాక ఆయాసపడుతూ కూర్చుని, అదే పాట మళ్లీ వాయిస్తే వాల్ట్జ్ పోయేది. వారం తిరిగేసరికి మళ్లీ వచ్చేది. మళ్లీ కుర్చీల చుట్టూ తిరగడమే.

మా రెండో ఫిడేళ్ల పని చూడటానికి చిన్నది. బాస్ ‘దుమ్’ అన్నాక రెండు, మూడు దెబ్బలకి రెండేసి తీగలు కలిపి ‘చక్ చక్’. కమాను మడమ దగ్గరే, రెండంగుళాలు దాటకుండా, తీగ మీంచి ఎత్తి వేయాలి. పొడుగ్గా లాగితే బాస్ ధ్వని మీద బురద పోసినట్టే. కుయావియాక్ నెమ్మదిది కాబట్టి రెండు దెబ్బలూ కిందికే లాగొచ్చు. ఒబెరెక్‌లో నిమిషానికి దెబ్బలు 180 దాటాక అది కుదరదు, ఒకటి కిందికి, ఒకటి పైకి. ఆ వేగంలో ముందు తప్పేది ఫిడేళ్లు కాదు. అకార్డియన్ తిత్తి తిప్పే చోట అరక్షణం వెనకబడుతుంది. క్లారినెట్ వాడు ఊపిరికి ఒక స్వరం మింగేస్తాడు. అది కప్పడానికి డప్పు వాడు తోస్తాడు. అలా తోసిన ఒబెరెక్‌ని వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదు. అందుకే మైస్తెర్ మొదటి ఎనిమిది ఆవర్తాలూ కావాలనే కొంచెం తక్కువ వేగంలో మొదలుపెట్టేవాడు.

* * *

మన సంగీతంలో ఫిడేలు గాయకుడి శ్రుతికి దిగుతుంది, స-ప-స-ప అని బిగిస్తాం. అక్కడ నాలుగు తీగలూ ఒకదానికొకటి పంచమంలో. సింఫనీ ఆర్కెస్ట్రాలో అందరూ ఓబో అనే గాలి వాయిద్యం వైపు చెవి పెడతారు. మాకు అకార్డియనే గతి. దాని రేకులు ఎలా ఉంటే అలాగే, మరొకరి కోసం దిగవు. ఇరవై ఇద్దరం దాని వైపు తిరిగి బిరడాలు తిప్పేవాళ్లం.

చలికాలం ఊళ్లకి వెళ్తే శ్రుతి ఒక పరీక్ష. వేడి లేని హాల్లో గాలి వాయిద్యాలు కిందికి జారతాయి, ఉక్కు తీగలు బిగుసుకుని పైకి ఎక్కుతాయి. జనం నిండి, దీపాలు వెలిగి, హాలు వేడెక్కాక సరిగ్గా తిరగబడుతుంది. క్లారినెట్లు పైకి, ఫిడేళ్లు కిందికి. మొదట్లో ఎంత బాగా కలిపినా మూడో పాటకల్లా విడిపోతాయి. కాబట్టి మూడో పాట తర్వాత వ్యాఖ్యాతకి రెండు నిమిషాల మాట రాసిపెట్టేవాడు మైస్తెర్. జనం కథ వింటుంటే మేం వెనక సన్నగా శ్రుతి చూసుకునేవాళ్లం.

గదుల్లో వేడి గొట్టాల వల్ల ఇంకో తంటా. గాలి ఎండిపోయి బిరడాలు జారతాయి, ఫిడేలు పక్కల అతుకులు విచ్చుకుంటాయి. సబ్బు డబ్బా మూతకి చిల్లులు పొడిచి, లోపల తడి స్పాంజి పెట్టి, పెట్టెలో తల దగ్గర ఉంచమనేవాడు. జారే బిరడాకి బడి సుద్ద, బిగుసుకున్న దానికి పొడి సబ్బు. వాయించడం కాగానే కమాను వెంట్రుకలు వదులు చేయకపోతే మాత్రం ఊరుకునేవాడు కాదు. పొడి గాలికి వెంట్రుకలు కురచవుతాయి. బిగించి ఉంచిన కమాను తెల్లారేసరికి తల దగ్గర చిట్లుతుంది. చిట్లిన కమానులు ఒక డ్రాయర్ నిండా దాచి ఉంచేవాడు, కొత్తగా వచ్చినవాళ్లకి చూపించడానికి.

* * *

రోజిన్‌తో పాటు ఆ హాలుకి ఇంకో వాసన ఉండేది. అమోనియా.

ఫొటోకాపీ మిషన్లు అప్పట్లో అందుబాటులో లేవు. ఇరవై మూడు భాగాలూ చేత్తో ఎన్నిసార్లని రాస్తారు? మైస్తెర్ ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో ఒక్కసారే రాసేవాడు. దాన్ని డ్రాయింగ్ ఆఫీసులో మిషన్ల నక్షాలు తీసే యంత్రంలో వేసి నకళ్లు తీయించేవాడు. మైనింగ్, సివిల్ వాళ్లకి తెలుసు ఆ కాగితం: తెల్లటి దాని మీద ఊదారంగు గీతలు, తడి ఆరని అమోనియా ఘాటు. ఇంకు పలచగా పడిన చోట వెలుతురు దూసుకుపోయి, నకలులో స్వరం మాయమయ్యేది. ఒకసారి రెండో క్లారినెట్‌కి స్వరాన్ని అరమెట్టు పెంచే షార్పు గుర్తు అలాగే పోయింది. నెల రోజుల పాటు అందరం ఆ క్లారినెట్ వాడి చెవిని అనుమానించాం.

ఆ కాగితాలకి ఎండ పడదు. వేసవిలో ఆరుబయట కచేరీలు. రెండు ఎండలు చూసేసరికి ఊదా గీతలు పాలిపోయి లేత గోధుమరంగులోకి దిగేవి. మైస్తెర్ పెన్సిల్‌తో రాసిన కమాను గుర్తులు మాత్రం చెక్కుచెదరవు. అంటే స్వరాలు పోయి, ఎటు లాగాలో మాత్రం మిగిలిన కాగితం! గాలికి ఎగరకుండా ఒక్కో స్టాండుకి బట్టల క్లిప్పులు నాలుగు. పేజీ తిప్పాలంటే రెండు తీయాలి, కాబట్టి పేజీ చివర నాలుగు ఆవర్తాల విరామం ఉండేట్టు రాసేవాడు. అచ్చు పుస్తకాల్లో ఇప్పటికీ ఈ తెలివి అరుదు.

సాధన గది గోడకి ఒకే ఫొటో. కరోల్ నమిస్వోఫ్స్కి. 1856లో జామొష్చ్ దగ్గర పల్లెలో పుట్టాడు, వార్సాలో సంగీతం చదివాడు. ఫిడేలు చేతిలో ఉన్నవాడు పట్నంలోనే ఉండిపోవచ్చు. ఆయన వెనక్కొచ్చి 1881లో రైతులతో ఆర్కెస్ట్రా కట్టాడు. ఆ ప్రాంతం అప్పుడు రష్యా జారు ఏలుబడిలో ఉంది. నాగలి పట్టే చేతులకి స్వరలిపి నేర్పించి, పల్లె కోట్లతోనే పట్నం వేదికలెక్కించి, మజుర్లూ ఒబెరెక్‌లూ తనే రాసి వాయించాడు. 1925లో ఆయన పోయాక కొడుకు నడిపాడు. ఆ ఆర్కెస్ట్రా ఇప్పటికీ జామొష్చ్‌లో ఆయన పేరుతోనే ఉంది, పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రాగా. యుద్ధం తర్వాత 1948లో మజోఫ్షె, 1953లో ష్లోంస్క్ వచ్చాయి, ప్రభుత్వ జానపద బృందాలు, వందమందీ పైన. రేడియో నిండా వాళ్ల ధ్వనే. మైస్తెర్ గోడకి మాత్రం నమిస్వోఫ్స్కి చాలు. మిల్లు పని చేసి వచ్చిన వేళ్లతో ఫిడేలు వాయించవచ్చని నమ్మాలంటే ఆ ఫొటో ఉండాలనుకుంటా.

* * *

ఆయన తండ్రి పెళ్లిళ్లలో వాయించినవాడు. ఆ పద్ధతి మైస్తెర్ మాటల్లోనే తెలిసింది. పెళ్లిలో నాట్యం చేయాలనుకున్నవాడు మేళం ముందుకొచ్చి ఒక చరణం పాడతాడు. తనకి తోచిన శ్రుతిలో, ఒక్కోసారి మూడు గ్లాసుల వోద్కా తర్వాతి శ్రుతిలో. ఫిడేలు వాడు మొదటి పాదం అయ్యేలోగా ఆ పాట ఏదో, ఏ స్వరం మీద మొదలైందో పట్టేసి, రెండో పాదానికి అందుకోవాలి. అందుకోలేకపోతే పాడినవాడికి పరువు నష్టం, మేళానికి డబ్బు నష్టం. డబ్బు చేతికివ్వరు. బాస్ పొట్ట మీద ఉన్న కంతలోంచి లోపలికి వేస్తారు. తెల్లారాక బాస్‌ని తలకిందులు చేసి దులిపితే ఆ రాత్రి కూలి.

కార్నివాల్ ముగిసే మంగళవారం రాత్రి, భస్మ బుధవారానికి ముందు, కొన్ని ప్రాంతాల్లో బాస్‌కి ఉత్తుత్తి అంత్యక్రియలు చేస్తారు. దుప్పటి కప్పి, ఏడుపులు ఏడ్చి, మూలన పడుకోబెడతారు. లెంట్ అనే ఉపవాస కాలం నలభై రోజులూ ఆటపాటలుండవు మరి. మాకూ ఆ నెలన్నర పెళ్లి పిలుపులు ఉండేవి కావు. అది మరమ్మతుల కాలం. కమానులకి కొత్త వెంట్రుకలు, ఒక్కోదానికి 150 నుంచి 200. విరిగిన రోజిన్ ముక్కలన్నీ రేకు డబ్బాలో వేసి సన్న సెగ మీద కరిగించి కాగితపు అచ్చుల్లో పోయడం. సెగ ఎక్కువైతే నురగ కట్టి, ఆరాక బిళ్ల పెళుసైపోతుంది. ఇంకా ఎక్కువైతే అంటుకుంటుంది. డబ్బా పక్కన ఎప్పుడూ ఇసుక బకెట్ ఉండేది.

దక్షిణాన తాత్రా కొండల వాళ్ల సంగీతం మైస్తెర్‌కి పరాయిదే, కాని ఏటా ఒకసారి జకోపానెకి తీసుకెళ్లేవాడు. అక్కడ మేళం చిన్నది: ముందు నడిపే ఫిడేలు, కింద ఒకటో రెండో తోడు ఫిడేళ్లు, చెల్లో అంత మూడు తీగల ‘బసీ’. నడుస్తూ వాయించాలంటే దాన్ని పటకాతో భుజానికి తగిలించుకుంటారు. తోడు ఫిడేళ్లు మా చక్ చక్ కాదు, దెబ్బ దెబ్బకీ గీసి గీసి వాయిస్తాయి. 1926లో పోయిన బర్తుష్ ఒబ్రోహ్తా అనే కొండ దారి చూపే గైడు ఆ ఫిడేలులో దిట్ట. షిమనోఫ్స్కి అంతటి స్వరకర్త ఆయన దగ్గర కూర్చుని విన్నాడు.

ఆ కొండ పాట మొదటిసారి విన్నప్పుడు నా పక్కనున్నవాళ్లకి వింతగా ఉంది, నాకు లేదు. మధ్యమం పైకెక్కి ఉంటుంది, నిషాదం దిగి ఉంటుంది. ప్రతి మధ్యమం, కైశికి నిషాదం, మిగతావి శుద్ధంగా మేజర్ స్కేలువే. అచ్చంగా మన వాచస్పతి మెట్లు. గమకం లేదు, నడక వేరు, రాగమనడానికి లేదు. మెట్లు మాత్రం అవే. మైస్తెర్‌కి చెబితే, పాడి చూపించమన్నాడు. పాడితే మధ్యమం దగ్గర ఆపి, ‘ఇంకొంచెం పైకి, వీళ్లది ఇంకా పైన’ అన్నాడు. కొండవాళ్ల మధ్యమం పియానో మెట్టు మీద కూర్చోదని ఆ రోజే తెలిసింది.

* * *

ఆ ప్రయాణంలోనే ఆర్కెస్ట్రా కోసం ఒక పాత బసీ కొన్నారు. తీసుకొచ్చిన రోజు నుంచి అందులో సన్నగా జుర్రుమనే చప్పుడు. లావు తీగ లాగినప్పుడు మాత్రమే.

ఇలాంటి చప్పుడు వెతకడానికి మైస్తెర్‌కి ఒక వరస ఉండేది. ముందు తీగ చివర బిగింపు మరలు వేలితో పట్టుకుని వాయించి చూడటం. పోకపోతే, తీగల కింది చివరలు పట్టుకునే తోకపట్టీ. తర్వాత తీగల కింద నిలబడే గుర్రం (బ్రిడ్జి) పాదాలు బల్లకి అంటాయా లేదా కాగితం దూర్చి చూడటం. ఆ తర్వాత అంచు చుట్టూ వేలి కణుపుతో కొట్టుకుంటూ పోవడం. అతుకు విడిచిన చోట ‘టక్’ బదులు ‘టప్’ అంటుంది. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి దంతవైద్యుల అద్దమొకటి కంతలోంచి దూర్చి, టార్చి వేసి చూశాడు. లోపలి అడ్డబద్ద పక్కన, పాత జిగురులో సగం కూరుకుపోయి ఒక నాణెం. ఎన్ని తెల్లవారుజాములు దులిపినా రాలనిది.

వంచిన తీగతో గంటసేపు గీకి బయటికి లాగాడు. మధ్యలో చిల్లు, మన చిల్లు కాణీ లాగే. జింకుది, 5 గ్రోషి, మీద 1939 అని ఉంది. జర్మన్ల ఆక్రమణ రోజుల్లో చెలామణీ అయిన నాణెం. అంటే ఆ రోజుల్లోనూ ఎవరో పెళ్లి చేసుకున్నారు, ఎవరో మేళం ముందు నిలబడి పాడారు. మైస్తెర్ దాన్ని చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు, ఏమీ అనలేదు.

మరుసటి సాధనకి బెంబెనెక్ చట్రంలో ఖాళీ నిండి ఉంది. ఊడిపోయిన బిళ్ల చోట ఆ నాణెం, చిల్లులోంచి సన్న మేకు దూర్చి బిగించినది. జింకు రేకులా మోగదు. ఒబెరెక్ వేగం అందుకున్నాక బిళ్లలన్నీ గలగలమంటుంటే అదొక్కటి మాత్రం టక్కుమనేది.